రౌమాలో అమ్మ, ఆమె లేసు సూది

అమ్మ వీసా దరఖాస్తు నింపేటప్పుడు ‘వృత్తి’ అన్న గడి దగ్గర నేను క్షణమైనా ఆగలేదు. ‘గృహిణి’ అని రాసి కిందికి వెళ్లిపోయాను. ఆమెకు సంబంధించిన కాగితాలన్నిటిలోనూ ఏళ్ల తరబడి ఉన్న మాటే అది. అమ్మ ఎనిమిదో ఏట నుంచి లేసు కుడుతోంది. మాది నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి గట్టున ఒక పల్లె. నా పరీక్ష ఫీజుల్లో చాలా భాగం ఆ లేసు డబ్బులే. అయినా ఆ గడి నింపేటప్పుడు అదేదీ నాకు గుర్తుకు రాలేదు. ఫిన్లాండ్‌లోని రౌమా వెళ్లాక గుర్తుకు వచ్చింది. ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను.

మేము హెల్సింకి పక్కన ఎస్పోలో ఉంటాం. 2024 వేసవిలో అమ్మ మూడు నెలలకు మా దగ్గరకు వచ్చింది. వచ్చిన వారంలోపే బాల్కనీలో కుర్చీ వేసుకుని లేసు సూది, దారం బయటికి తీసింది. ఇక్కడ జులైలో రాత్రి పది గంటలకు కూడా పుస్తకం చదువుకునేంత వెలుతురు ఉంటుంది. “ఇంత వెలుగు మన ఊళ్లో ఉంటే రోజుకు ఇంకో నాలుగు పువ్వులు వేసేదాన్ని” అంది. పువ్వు అంటే లేసులో ఒక్కో ముక్క. అలాంటివి పదులు, వందలు కలిపి అతికితే బల్లగుడ్డ అవుతుంది.

అమ్మను ఎక్కడికి తీసుకెళ్లాలన్న చర్చ ఇంట్లో చాలా రోజులు నడిచింది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి ఐదు. వాళ్లిద్దరూ మూమిన్ లోకం, అంటే ఇక్కడి పిల్లల కథల్లోని మూమిన్ పాత్రల ఉద్యానం, తప్ప ఇంకేదీ వద్దన్నారు. నాకు మాత్రం రౌమా పేరు మనసులో తిరుగుతోంది. ఫిన్లాండ్ పడమటి తీరాన బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఉన్న చిన్న పట్టణం అది. ఆ పేరు చెబితే ఈ దేశంలో అందరికీ ముందు గుర్తుకు వచ్చేది లేసు. 1971 నుంచి ఏటా జులై చివర్లో అక్కడ లేసు వారం జరుపుతారు. ఫిన్నిష్‌లో పిత్సి అంటే లేసు, విక్కో అంటే వారం. ఆ పండుగ పేరు పిత్సివిక్కో. చివరికి ఒక రోజు పిల్లలది, మూడు రోజులు అమ్మవి అన్న ఒప్పందానికి వచ్చాం.

బయలుదేరే ముందు బస దొరకడమే కష్టమైంది. లేసు వారంలో పాత పట్టణంలోని గదులన్నీ ముందే నిండిపోతాయి. జులై మొదట్లో వెతకడం మొదలుపెట్టిన నాకు సముద్రం పక్కన శిబిర స్థలంలో ఒక చెక్క గుడిసె మాత్రం దొరికింది. నాలుగు మంచాలు, చిన్న పొయ్యి, బయట బల్ల. ఇలాంటి గుడిసెల్లో దుప్పట్లు, తువ్వాళ్లు మనమే తెచ్చుకోవాలి, లేదంటే విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి. ఆ సంగతి ముందే చదివాను కనుక ఇంటి నుంచే పట్టుకెళ్లాం. పొయ్యి ఉండడం మాకు పెద్ద మేలు. రెండు పూటలా అన్నం వండుకోగలిగాం. ఎవరైనా వెళ్లదలిస్తే వసంతంలోనే గది చూసుకోవడం మంచిది. ఇంకో సంగతి: రౌమాకు ప్రయాణికుల రైలు లేదు. కారు లేనివాళ్లు తుర్కు నగరం దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి గంటన్నర బస్సులో వెళ్లవచ్చు. మేము కారులో వెళ్లాం.

మొదటి రోజు పిల్లలది. తుర్కు పక్కనే నాంతాలి. అక్కడి కైలో అనే చిన్న దీవిలో 1993 నుంచి మూమిన్ లోకం ఉంది. చెక్క వంతెన మీదుగా నడిచి దీవిలోకి వెళ్లాలి. నీలిరంగు మూమిన్ ఇల్లు దూరం నుంచే కనిపిస్తుంది. పెద్ద పెద్ద యంత్రాలతో తిప్పే ఆటలేవీ అక్కడ లేవు. చెట్లు, రాళ్లు, దారులు, వాటి మధ్య తిరిగే మూమిన్ పాత్రలు, అంతే. ఐదేళ్ల పిల్లవాడికి అదే స్వర్గం. వాడు తెల్లటి మూమిన్ పొట్టను కౌగిలించుకుని ఎంతసేపటికీ వదల్లేదు. ఆ రోజంతా నాకు సంతోషంగానే గడిచింది, కానీ అమ్మ మొహంలో వెలుగు వచ్చింది మాత్రం సాయంత్రం నాంతాలి పాత వీధుల్లో నడిచేటప్పుడు. 1443లో ఒక సన్యాసినుల మఠం చుట్టూ పుట్టిన ఊరు అది. మఠం పోయాక ఆ ఊరివాళ్లు చాలా కాలం చేతితో మేజోళ్లు అల్లి అమ్ముకుని బతికారు. ఆ విషయం చెబితే అమ్మ ఆగి, “ఆడవాళ్లేనా, మగవాళ్లు కూడానా?” అని అడిగింది. పిల్లలూ పెద్దలూ అందరూ అల్లేవారట అని చెప్పాను. తల ఊపి ముందుకు నడిచింది.

మర్నాడు రౌమా. పాత రౌమా గురించి ముందుగా కొంచెం చెప్పాలి. పట్టణం పుట్టింది 1442లో. 1550లో స్వీడన్ రాజు గుస్తావ్ వాసా కొత్తగా హెల్సింకి నగరాన్ని కట్టించి, రౌమా వాళ్లందరినీ అక్కడికి తరలిపొమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. వెళ్లారు కానీ అక్కడ నిలవలేకపోయారు. 1557లో తిరిగి రావడానికి అనుమతి దొరికింది. తరువాత 1640లో, 1682లో రెండు పెద్ద అగ్నిప్రమాదాలు ఊరిని కాల్చేశాయి. ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు కానీ వీధుల తీరు మాత్రం మధ్యయుగంలో ఉన్నట్టే ఉంచుకున్నారు. ఇప్పుడు సుమారు 600 చెక్క కట్టడాలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. 1991లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఇది చూసి వెళ్లిపోయే ప్రదర్శనశాల కాదు. జనం ఆ ఇళ్లలో కాపురం ఉంటున్నారు, కిటికీల్లో పూలకుండీలు పెడుతున్నారు, అరటిపళ్లు కొనుక్కుని సైకిల్ మీద ఇంటికి వెళుతున్నారు. నాకు ఆ ఊరిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇళ్లకు పేర్లున్నాయి. తలుపు పక్కన చిన్న పలక మీద పేరు రాసి ఉంటుంది. పిల్లలకు మాత్రం కిటికీల్లోని పింగాణీ కుక్కలు నచ్చాయి. ఓడల మీద వెళ్లిన నావికులు పరాయి రేవుల నుంచి జంటగా తెచ్చిన బొమ్మలవి. మగవాడు సముద్రం మీద ఉంటే కుక్కల మొహాలు వీధివైపు, ఇంటికి వస్తే లోపలివైపు తిప్పి పెట్టేవారని చెబుతారు. ఆ మాట విన్నాక మా అబ్బాయి ప్రతి కిటికీ దగ్గరా ఆగి, “ఈ ఇంట్లో నాన్న వచ్చేశాడు”, “ఈ ఇంట్లో ఇంకా రాలేదు” అంటూ లెక్కపెట్టాడు. కితుక్రాన్ అని ఒక సందు ఉంది. ఫిన్లాండ్‌లోకెల్లా ఇరుకైన వీధి అంటారు. పిల్లలిద్దరూ చెరో గోడను ఆనుకుని చేతులు చాచుకుని కలుపుకున్నారు.

సంత మైదానంలో స్ట్రాబెర్రీలు, పచ్చి బఠాణీ కాయలు అమ్ముతున్నారు. ఇక్కడ వేసవిలో బఠాణీలను పచ్చివే కాయ వలిచి తింటారు. తూకం లేదు, లీటరు డబ్బాతో కొలిచి పోస్తారు. అది చూసి అమ్మ, “సోలతో కొలిచినట్టే ఉందే” అని ముచ్చటపడింది. డబ్బా పైన కుప్పగా పోయకపోతే ఊరుకోలేదు. నా చేత అడిగించి ఇంకో గుప్పెడు పోయించుకుంది. మధ్యాహ్నం మా ఆయన లాప్స్‌కౌస్సి తిన్నారు. మాంసమూ బంగాళదుంపలూ మెత్తగా ఉడికించి కలిపిన నావికుల వంట, రౌమాకు ప్రత్యేకం. ఏ మాంసమో అడిగి తీసుకోవాలి. అమ్మ పొగబెట్టిన చేప, నల్లటి రై రొట్టె తీసుకుంది. చేప బాగుంది కానీ పులుసు పెడితే ఇంకా బాగుండేదని తీర్పు చెప్పింది.

ఇక లేసు. పాత పట్టణంలో పిత్స్‌ప్రియా అన్న పలక ఉన్న ఇల్లు ఒకటి ఉంది. రౌమాలో లేసు అల్లేవాళ్ల సంఘం నడిపే ఇల్లు అది. పేరు చదివి వినిపించగానే అమ్మ, “ప్రియ అంటే మన పేరే కదా” అంది. లోపల కిటికీల పక్కన ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరూ పెద్దవాళ్లే, ఒక్క పదిహేనేళ్ల అమ్మాయి తప్ప. ఒక్కొక్కరి ముందూ బల్ల, బల్ల మీద గట్టిగా కూరిన దిండు, దిండు నుంచి వేలాడుతూ చెక్క కండెలు. గదిలో మాటలు తక్కువ. కండెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది. చింతగింజలు దోసిట్లో కదిపితే వచ్చే చప్పుడు లాంటిది.

మన నరసాపురం లేసుకూ దీనికీ పోలిక పేరులోనే. మనది ఒక్క దారం, చివర కొక్కెం ఉన్న ఒక్క సూది. ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోవడమే. రౌమా లేసుకు పదులకొద్దీ దారాలు కావాలి. దిండు మీద ముందుగా చిల్లులు పొడిచిన గట్టి కాగితం పరుస్తారు. ఆ చిల్లులే నమూనా. పైభాగంలో గుచ్చిన గుండుసూదులకు దారాలు తగిలించి ఉంటాయి. ప్రతి దారం కొసనా ఒక కండె. నేతపనిలో పేక దారం చుట్టే కండె మనకు తెలుసు కనుక ఆ మాటే వాడుతున్నాను. ఇది సన్నగా, వేలంత పొడవుగా ఉంటుంది.

కిటికీ దగ్గరున్న ఒకావిడ మా అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కొత్తవాళ్ల కోసం కొద్ది జంటలతో ఒక దిండు సిద్ధంగా ఉంచారు. కండెలన్నీ జంటలు జంటలుగా ఉంటాయి. చేతిలో ఎప్పుడూ రెండు జంటలే, అంటే నాలుగు కండెలు. కదలికలూ రెండే. నాలుగింటిలో మధ్యనున్న రెండింటిని తీసుకుని, ఎడమదాన్ని కుడిదాని మీదుగా వేయడం మొదటిది. ఒక్కో జంటలో కుడిదాన్ని ఎడమదాని మీదుగా వేయడం రెండోది. మొదటిది దాటు, రెండోది మెలి అని నేను మా అమ్మాయికి పేర్లు పెట్టి చెప్పాను. దాటు, మెలి, దాటు వేస్తే బట్ట నేసినట్టు గట్టి అల్లిక వస్తుంది. దాటు, మెలి వరకే వేసి పోతే వల లాంటి పలచని అల్లిక. ఆ తరువాత కాగితం మీద చిల్లు ఉన్నచోట గుండుసూది గుచ్చి, అల్లిక జారకుండా నిలిపి, ఒక జంటను పక్కన పెట్టి, పక్క జంటను అందుకోవాలి. ఎంత పెద్ద నమూనా అయినా ఈ రెండు కదలికల్లోనే ఉంది.

వినడానికి తేలిక. మా అమ్మాయి మూడో గుండుసూది దగ్గర ఎడమ కుడి మరిచిపోయింది. నేను ప్రయత్నిస్తే రెండో వరసలోనే దారాలు చిక్కుపడ్డాయి. ఆవిడ కోప్పడలేదు. తప్పు ఎక్కడ జరిగిందో వేలితో చూపించి, అక్కడిదాకా వెనక్కి విప్పించింది. తప్పు జరిగిన చోటికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టడం తప్ప ఈ పనిలో సర్దుబాటు లేదు. ముందుకు పోయి కప్పేయడానికి వీల్లేదు.

అమ్మ అరగంట సేపు ఏమీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒంగి, ఒక్కో దిండు దగ్గరా నిలబడి చూసింది. ఆ తరువాత నాతో, “దారాన్ని వేలితో బిగించడం లేదు వీళ్లు. కండె బరువే బిగువు ఇస్తోంది” అంది. నేను ఇంగ్లిష్‌లోనూ నాకు వచ్చిన కొద్దిపాటి ఫిన్నిష్‌లోనూ ఆ మాట చెబితే ఆవిడ వెంటనే తలెత్తి అమ్మను చూసింది. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరూ మొదటి రోజు ఆ మాట అనరట. అమ్మ అప్పుడు సంచిలోంచి తన లేసు తీసింది, సగం అయిన ఒక గుండ్రటి పువ్వు. ఆవిడ దాన్ని అందుకుని ముందు తిరగేసి వెనకవైపు చూసింది. “తిరగేసి చూసింది. పని తెలిసిన మనిషే” అని అమ్మ నాతో మెల్లిగా అంది.

అక్కడి నుంచి నా పని వాళ్లిద్దరి మధ్య మాటలు మోయడమే. అమ్మ మొదట అడిగించిన ప్రశ్న, “కూలి ఎంత ఇస్తారు?” నాకు అడగడానికి మొహమాటం వేసింది. అమ్మ పట్టుబట్టింది. ఆవిడ ఆ ప్రశ్నను చాలా మామూలుగా తీసుకుంది. ఎవరూ ఇవ్వరని చెప్పింది. తను ఉద్యోగ విరమణ చేశాక నేర్చుకుందట. పట్టే గంటలకు వెల కడితే ఆ లేసును ఎవరూ కొనలేరు. చిన్న చిన్న ముక్కలు అమ్ముతారు, మిగతాదంతా నేర్పడానికి, నిలబెట్టడానికి. ఒకప్పుడు మాత్రం ఇది రౌమాకు తిండి పెట్టిన పని. 18వ శతాబ్దంలో ఆడవాళ్ల టోపీల అంచులకు సన్నటి తెల్ల లేసు కావలసి వచ్చేది. రౌమాలో ఇంటింటా అల్లి అమ్మేవారు. 19వ శతాబ్దంలో ఆ టోపీల వాడుక పోయింది, బేరమూ పోయింది. పని చేతుల్లో మిగిలింది. ఊరి మధ్యలో 1776 నాటి పాత పురపాలక భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. ఆ కాలపు లేసులను అక్కడ మర్నాడు చూశాం. అంత సన్నటి నార దారాన్ని దీపం వెలుగులో ఎలా అల్లారో ఊహించడం కష్టం.

ఆవిడ కూడా అడిగింది. మీ లేసు ఎవరు కొంటారు, నమూనా ఎవరిది, ఎవరు కుట్టారో ఎక్కడైనా రాస్తారా. నేను చెప్పాను. 19వ శతాబ్దంలో మిషనరీల కుటుంబాల ఆడవాళ్లు గోదావరి ప్రాంతంలో ఈ అల్లిక నేర్పారు. అప్పటి నుంచి దారం ఇంటికి వస్తుంది, కుట్టిన పువ్వులు ఇంటి నుంచి వెళతాయి. చేతిపని ఒకరిది, అతుకుపని మరొకరిది. ఒకే బల్లగుడ్డలో ఎంతమంది చేతులున్నాయో కొన్నవాళ్లకే కాదు, కుట్టినవాళ్లకూ తెలియదు. ఎంత దారం అల్లారో దాన్నిబట్టి డబ్బు. సరుకు విదేశాలకు వెళుతుంది, పేరు వెళ్లదు. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా 2024లోనే. అది ఊరికి వచ్చిన గుర్తింపు. ఆ విషయం నాకు సంతోషమే, అయినా ఆవిడ అడిగింది మనిషి పేరు గురించి.

అమ్మ చాలాసేపు ఏదో ఆలోచించి, ఆ తరువాత ఒక మాట అంది. “ఇది పొయ్యి మీద పాలు పెట్టి చేసే పని కాదమ్మాయ్.” నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. దిండు వేసుకుని కూర్చుంటే ఇంకో పనికి లేవలేరు. లేస్తే కండెలు చెదురుతాయి, లెక్క తప్పుతుంది. అందుకే వీళ్లకు బల్ల ఉంది, కిటికీ పక్కన చోటు ఉంది, ఇంట్లో అందరికీ ఆవిడ పని చేస్తోందని తెలుస్తుంది. మన లేసు ఒళ్లో పెట్టుకునేది. పాలు పొంగితే సూది అలాగే ఉంచి లేవవచ్చు. పిల్లవాడు ఏడిస్తే లేవవచ్చు, ఎవరైనా వస్తే లేవవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగుతుంది కనుక అది పనిలా కనిపించదు. “మీ తాతయ్య కూడా ‘ఖాళీగా కూర్చుంది’ అనేవారు మా అమ్మను. ఒళ్లో లేసు ఉండేది” అంది.

నేను ఆ మాటను ఆవిడకు అనువదించి చెప్పాను. ఆవిడ చేతిలోని కండెలు కింద పెట్టేసి విన్నది.

ఆ తరువాత అమ్మ ఆ కొత్తవాళ్ల దిండు దగ్గర కూర్చుంది. ఎడమ చూపుడు వేలు మీద దారం బిగించే అలవాటు యాభై ఏళ్లకు పైబడినది. అది కండెలను కూడా బిగించబోయింది. ఆవిడ వచ్చి అమ్మ మణికట్టు మీద రెండు వేళ్లు వేసి, వదులు చేయమన్నట్టు తేలిగ్గా నొక్కింది. రెండు మూడుసార్లు అలా జరిగాక చేయి వదులైంది. రెండు గంటల్లో వేలెడు పొడవు వచ్చింది. మొదటి సగం వంకర, రెండో సగం తిన్నగా ఉంది. మా అమ్మాయి పక్కన నిలబడి “దాటు, మెలి, దాటు, సూది” అని పాటలా చెబుతూ ఉంది. మా ఆయనా అబ్బాయీ ఐస్‌క్రీం తిని, వీధులన్నీ తిరిగి, రెండోసారి వచ్చి చూసి మళ్లీ వెళ్లారు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకం ఉంది. అమ్మ తన పేరు తెలుగులో రాసింది. దాని కింద ‘నరసాపురం’, దాని పక్కన ‘లేసు పని’ అని రాసింది. నేను అలాగే నిలబడిపోయాను. ఆ దరఖాస్తులో గడి అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టక రెండు ఊళ్ల గురించి ఆలోచించాను. రౌమా ఓడల ఊరు. తెరచాప నౌకల కాలం చివర్లో, 1890ల ప్రాంతంలో, ఫిన్లాండ్‌లోకెల్లా పెద్ద తెరచాప ఓడల బలగం ఈ ఊరిదే. నరసాపురం కూడా ఓడలు కట్టిన ఊరే. 17వ శతాబ్దంలో అక్కడ ఓడలు కట్టించుకోవడానికి ఐరోపా వర్తకులు వచ్చేవారు. పక్కనున్న మాధవాయిపాలెంలో ఇంగ్లిష్ కంపెనీ స్థావరం ఉండేది. అక్కడి గుడ్డకు ఆ ఊరి పేరే మడపోలం అని ఐరోపాలో స్థిరపడింది. మగవాళ్లు ఓడల మీద, రేవుల్లో. ఆడవాళ్లు ఇంట్లో దారంతో. రౌమా తన ఆడవాళ్ల దారానికి ఏడాదికి ఒక వారం కేటాయించి వీధులన్నీ అలంకరిస్తోంది. నల్ల లేసు రాత్రి అని ఒక రాత్రి కూడా ఉంది. దుకాణాలు ఆలస్యంగా మూస్తారు, జనం లేసు దుస్తులు వేసుకుని చాలా పొద్దుపోయేదాకా తిరుగుతారు. నరసాపురంలో అలాంటి వారం ఎందుకు ఉండకూడదు? గోదావరి గట్టు ఉంది, అరుగులు ఉన్నాయి, సూది పట్టిన చేతులు వేలకొద్దీ ఉన్నాయి. ఈ ప్రశ్న నేను తేలిగ్గా అడగడం లేదు.

మూడో రోజు కైల్మాపిహ్లయా దీవికి పడవలో వెళ్లాం. రౌమా నుంచి అరగంట. 1953లో కట్టిన 36 మీటర్ల లైట్‌హౌస్ ఉంది, ఇప్పుడు అందులోనే గదులు అద్దెకు ఇస్తున్నారు. పిల్లలు మెట్లన్నీ ఎక్కి పైనుంచి చేతులు ఊపారు. అమ్మ కింద నున్నటి రాతి మీద కూర్చుని, అంతర్వేది లైట్‌హౌస్‌ను చిన్నప్పుడు రేవు దాటి వెళ్లి చూసిన రోజు చెప్పింది. అక్కడ ఇసుక, ఇక్కడ రాయి. నీళ్లు మాత్రం ఇక్కడ ఉప్పగా లేవని నోట్లో వేసుకుని చూసి చెప్పింది. బోత్నియా సముద్రంలో ఉప్పు నిజంగానే చాలా తక్కువ. తిరిగి వచ్చాక సముద్రయాన మ్యూజియంలో ఓడ నడిపే అనుభవం ఇచ్చే గదిలో మా అబ్బాయి చుక్కాని పట్టి, ఎదురుగా తెర మీద కనిపించే రేవు గోడకు ఓడను రెండుసార్లు తగిలించి, మూడోసారి సరిగ్గా చేర్చాడు. పిల్లలున్నవాళ్లు ఆ గదిని వదలకండి.

చివరి రోజు ఇంటిదారిలో సమ్మల్లహ్దెన్‌మాకి దగ్గర ఆగాం. ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో అడవిలో కంచుయుగపు సమాధుల రాళ్లగుట్టలు, 3000 ఏళ్లకు పైబడినవి. అవి కూడా 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. టికెట్టు లేదు, కావలి లేదు. నాచు మీద నడక మెత్తగా ఉంది. పిల్లలు బ్లూబెర్రీలు ఏరుకున్నారు, నోళ్లు నీలంగా మారాయి.

రౌమా నుంచి బయలుదేరే ముందు రోజే అమ్మ ఇంకోసారి ఆ లేసు ఇంటికి తీసుకెళ్లమంది. పన్నెండు జంటల కండెలు, రెండు నమూనా కాగితాలు కొనుక్కుంది. దిండు కొందామంటే వద్దంది. “గోనెసంచిలో ఊక కూరితే ఇంతకన్నా గట్టి దిండు అవుతుంది” అంది. తను కుట్టిన గుండ్రటి లేసును, రాత్రి గుడిసెలో కూర్చుని పూర్తి చేసినదాన్ని, ఆవిడకు ఇచ్చింది. ఆవిడ దాన్ని మళ్లీ ఒకసారి తిరగేసి చూసి, అమ్మ పేరు ఎలా పలకాలో నన్ను రెండుసార్లు అడిగి, ఒక చిన్న కాగితం మీద ఫిన్నిష్ అక్షరాల్లో రాసుకుని లేసుకు గుచ్చి పెట్టుకుంది.

సెప్టెంబరులో అమ్మ ఊరు వెళ్లిపోయింది. దీపావళి దగ్గర్లో ఫోను చేసింది. ఊక దిండు కుదిరిందట. పక్కింటి ఇద్దరు అమ్మాయిలు సాయంత్రాలు వచ్చి కూర్చుంటున్నారట. పని సాగుతోంది కానీ ఒక చిక్కు వచ్చిందంది. గోదావరి గాలి తేమకు గుండుసూదులు తుప్పు పట్టి తెల్ల దారం మీద మరకలు పడుతున్నాయి. “ఆవిడ వాడినవి ఇత్తడివి అనుకుంటాను. అక్కడ రెండు పెట్టెలు కొని, వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపించు” అంది. ఆ వారమే కొన్నాను. జనవరిలో హైదరాబాదు వెళ్లే స్నేహితురాలి పెట్టెలో సర్దాలి.